పుప్పొడి తిన్న పదకొండు మంది

నా ఉద్యోగంలో నేను కట్టిన లెక్కల్లో కూడిక తప్పినవి చాలా తక్కువ. వాటి గురించి నాకు బెంగ లేదు. ఎవరో ఒకరు పట్టుకునేవారు, ఎర్ర సిరాతో దిద్దేవారు, అంతటితో అయిపోయేది. ఇప్పుడు చెప్పబోయేది కూడిక తప్పని లెక్క. మూడుసార్లు సరిచూశాను, మూడుసార్లూ అదే వచ్చింది. అందుకే అందులో తప్పు ఉందని తెలియడానికి మూడు నెలల పైన పట్టింది, ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

రైల్వేలో కొత్తగా చేరుతున్న మన బిలాస్‌పూర్ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీలో సగం మందికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ కాగితం చేతికిస్తే "అంకుల్, ఆప్ హీ పఢ్ దీజియే" అని నన్నే చదివి పెట్టమంటారని నాకు తెలుసు. మీ అమ్మల చేత చదివించుకోండి. వాళ్ళు మధ్యలో సొంత మాటలు కలుపుతారు. అవి కూడా వినండి, నష్టం లేదు.

నేను రైలింజన్లు బాగుచేసే షెడ్డులో టైం ఆఫీసు గుమస్తాని. పొద్దున సైరన్ మోగేలోపు మనుషులు వరసగా నా కిటికీ దగ్గరికి వచ్చి, నంబరు కొట్టిన ఇత్తడి టోకెన్ నా చేతికిచ్చి లోపలికి వెళ్ళేవారు. టోకెన్ వస్తే హాజరు, రాకపోతే గైర్హాజరు. జబ్బు చేసినవాడు షెడ్డు ఇంజనీరు సంతకంతో సిక్ మెమో పట్టుకుని రైల్వే ఆస్పత్రికి వెళ్ళాలి. డాక్టరు చూసి సిక్‌లో పెడితే రిజిస్టరులో అతని పేరు ఎదురుగా నేను ఎస్ అని రాస్తాను. బాగుపడ్డాక ఫిట్ కాగితం తెస్తేనే మళ్ళీ డ్యూటీ.

ఆ ఎస్ అక్షరం మీద నాకు మొదటి నుంచీ గౌరవం తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో మా షెడ్డుకి వచ్చినన్ని జబ్బులు ఏ ఊరికీ వచ్చి ఉండవు. నడుం నొప్పులు, విరేచనాలు, కళ్ళు తిరగడాలు అన్నీ మంచి ముహూర్తం చూసుకునే వచ్చేవి. మూఢం రాగానే అందరికీ ఒక్కసారిగా ఆరోగ్యం కుదుటపడేది. మళ్ళీ వరికోతలప్పుడు, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఖలాసీలకి కీళ్ళనొప్పులు పట్టుకునేవి. డాక్టర్లకి తెలుసు, ఇంజనీరుకి తెలుసు, నాకూ తెలుసు.

చదివింది పదో తరగతి. సరాసరి, శాతం, గ్రాఫు గీయడం బుధవారీ బజార్లో తూకానికి కొన్న పాత లెక్కల పుస్తకంలోంచి నాకు నేనే నేర్చుకున్నాను. సరాసరి అంటే ఏమిటో అర్థమైన రోజున ఇంట్లో అందరి చెప్పుల సైజులకీ సరాసరి కట్టాను. మా ఆవిడ ఇప్పటికీ కొత్త చుట్టాలు వస్తే ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత ఈ సంగతి చెబుతుంది. ఆఫీసులో కూడా ఎవరూ అడగని లెక్కలు నేను చాలా కట్టేవాడిని. ఏ రోజు ఎవరి టోకెన్ ఎన్నో వరసలో నా చేతికి వచ్చిందో ఒక చిన్న నోటుపుస్తకంలో పెన్సిల్‌తో రాసుకునేవాడిని. దేనికని అడగొద్దు. కొందరు చీట్లాడతారు, నేను ఇది రాసుకునేవాడిని.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయి ఉంటుంది. మా షెడ్డులో ఒక ఫిట్టర్ ఉండేవాడు. వాళ్ళది పలాస వైపు, మాది బొబ్బిలి వైపు. ఏ చుట్టరికమూ లేదు. అయినా షెడ్డు మొత్తానికి అతను బావ. ఛత్తీస్‌గఢీ వాళ్ళు కూడా బావాజీ అనేవారు. చేతిపని దివ్యంగా చేసేవాడు, నోటిపని అంతకంటే దివ్యంగా చేసేవాడు. ఒక ఆదివారం టౌనులో ఏదో హోటల్ హాల్లో, మనుషుల చేత సరుకు అమ్మించే కంపెనీ మీటింగుకి వెళ్ళి, సోమవారం లంచ్ రూములో మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు.

"ఏటి బావా, మెంతులా?" అన్నాను.

"మెంతులేటి నీ మొహం! పుప్పొడి. తేనెటీగ కాళ్ళకి అంటించుకుని తెస్తాది కదా, అది. ఈ మాత్రల్లో ఉన్నది రాణీ ఈగ తినే జెల్లీ. ఈ చుక్కలేమో తుట్టెకి పూసే బంక. ఈ మూడూ పొద్దున పరగడుపున తిన్నోడి ఒంట్లోకి రోగం రమ్మన్నా రాదు. ఇమ్యూనిటీ."

కర్గీ రోడ్ నుంచి రోజూ పాసింజరులో వచ్చే ఖలాసీ ఒకడు రొట్టె నములుతూ, "హమర్ జంగల్ మ మధుమక్ఖీ ఫోకట్ మ దేథే, బావాజీ. డంక్ ఘలో ఫోకట్," అన్నాడు. వాళ్ళ అడవిలో ఈగలు ఇవన్నీ ఊరికే ఇస్తాయట, కుట్టడం కూడా ఊరికేనట. అందరూ నవ్వారు.

బావ నవ్వులకి జంకే మనిషి కాదు. "తేనెటీగ ఎప్పుడైనా సిక్ మెమో అడగడం సూసినారా?" అన్నాడు. ఆ వారంలోనే ఆరుగురు డబ్బాలు తీసుకున్నారు.

నేనూ ఒకటి ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడ నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "ఆవపిండిలో బెల్లం పడినట్టుంది," అని మూత పెట్టేసింది. నేను రెండు రోజులు తిని మరిచిపోయాను. నాకు పుప్పొడి మీద ద్వేషమూ లేదు, భక్తీ లేదు. నన్ను ఇందులోకి దింపింది వేరే.

ఒక మధ్యాహ్నం బావ నా కిటికీకి మోచేతులు ఆనించి అన్నాడు: "అందరూ నన్ను యెటకారం సేస్తన్నారు. తిన్నోడు ఎన్నిసార్లు పడ్డాడు, తిననోడు ఎన్నిసార్లు పడ్డాడు, సిక్ రిజిస్టరు నీ దగ్గరున్నాది. లెక్క కట్టి సెప్పగలిగినోడు ఈ షెడ్డులో నువ్వు తప్ప ఇంకెవుడున్నాడు?"

అప్పటికి ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది. ఆ ఇరవయ్యేళ్ళలో 'నువ్వు లెక్క కట్టు' అని నన్ను అడిగిన మొదటి మనిషి అతను. అడగకుండానే ఎన్నో కట్టినవాడిని, అడిగితే ఊరుకుంటానా? ఆఫీసు రిజిస్టరు చూసి బావ సరుకుకి లెక్క కట్టడం నా పని కాదన్న ఆలోచన కూడా రాలేదు. వచ్చినా వినేవాడిని కాను.

పని మాత్రం నేను తేలిగ్గా చెయ్యలేదు. బావతో సహా తింటున్నవాళ్ళు అప్పటికి పదకొండు మంది తేలారు. అలాంటి పని, అంత వయసు ఉండి, తిననివాళ్ళని ఇంకో పదకొండు మందిని ఎంచాను. పెళ్ళిళ్ళ జబ్బులు కలవకూడదని జులై నుంచి మొదలుపెట్టాను. లెక్క మొదలైందని బావ షెడ్డంతా చాటాడు. జులై, ఆగస్టు, సెప్టెంబరు మా దగ్గర నిఖార్సైన జ్వరాల నెలలు. అప్పుడు వచ్చే ఎస్‌లో కల్తీ తక్కువ. ఇంత జాగ్రత్త తీసుకున్నందుకు నన్ను నేను చాలా మెచ్చుకున్నాను. మా ఆవిడకి కూడా వివరించాను. ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ విని, "చెప్పుల లెక్క కంటే నయమే," అంది.

జులైలో తిన్నవాళ్ళకి మూడు ఎస్‌లు, తిననివాళ్ళకి నాలుగు. ఆగస్టులో ఒకటి, ఆరు. సెప్టెంబరులో తిన్నవాళ్ళకి సున్నా. తిననివాళ్ళకి ఏడు.

సున్నా చూసి ముందు నేనే నమ్మలేదు. మూడుసార్లు సరిచూశాను. తర్వాత ఒక పెద్ద అట్ట తెచ్చి, పదకొండు పేర్లూ రాసి, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో సున్నాలు చుట్టి లంచ్ రూము గోడకి అంటించాను. బావ ఆ అట్టకి దండ వెయ్యబోతే, బతికున్నవాళ్ళ పేర్లకి దండేమిటని అందరూ ఆపారు. ఇంజనీరు కూడా వచ్చి చూసి, "బఢియా" అని మెచ్చుకుని వెళ్ళాడు. ఫ్యాను సరిగ్గా కింద ఉండే బెంచీ సున్నాలవాళ్ళకే అని బావ శాసనం చేశాడు. ఎస్ పడినవాడు లేచి గోడవారకి పోవాలి. ఉక్కపోతలో ఆ బెంచీ విలువ మీకు ఏసీలున్న ఆఫీసుల్లో అర్థం కాదు.

మూడు నెలలూ సున్నా ఉన్నవాళ్ళలో పై వరసలో ఉన్నది క్రేన్ నడిపే మావ. ఈయన కూడా మనవాడే. వాళ్ళ నాన్న కాలం నుంచీ ఇక్కడ రైల్వేలోనే ఉన్నారు. తోర్వాలో సొంత ఇల్లు. పాత స్కూటరు మీద వచ్చి, రోజూ మొదటి ఐదుగురిలో టోకెన్ ఇచ్చేవాడు. షెడ్డు కప్పు కింద, ఇటు నుంచి అటు నడిచే పెద్ద క్రేన్ మీద చిన్న గదిలాంటి క్యాబిన్‌లో కూర్చుని, చక్రాల జతలనీ మోటార్లనీ పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించేవాడు. తక్కువ మాట్లాడేవాడు. బావ డబ్బాలు ఆయన ఎందుకు కొన్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. అట్ట పెట్టాక మాత్రం రోజుకి రెండు చెంచాలు తింటున్నానని నాతో చెప్పాడు. నేను సంతోషించాను కూడా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆగస్టులో ఒక తిన్నవాడు మూలుగుతూ మెమో కోసం నా కిటికీ దగ్గరికి వచ్చాడు. వెనకే బావ.

"ఏట్రా, నా పుప్పొడి తిని సిక్కా? నా పరువు తీసేస్తావేటి? ఒరే, అందరూ రండి, ఈగలకి అవమానం జరిగిపోతన్నాది!"

వరసలో ఉన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఆ మనిషి కూడా నవ్వి, "ఏం లేదు, కాస్త ఒళ్ళు నొప్పులు, అంతే," అంటూ లోపలికి వెళ్ళిపోయాడు. నేను కూడా నవ్వాను. నవ్వి, అతని పేరు ఎదురుగా హాజరు వేశాను. నా లెక్క అక్కడ నా కళ్ళ ముందే తయారవుతోంది. నేను మాత్రం దాన్ని లెక్కపెడుతున్నానే గానీ చూడటం లేదు.

అక్టోబరు మొదట్లో ఒక సాయంత్రం ఇంటికి వచ్చి టీ తాగుతుంటే మా ఆవిడ అంది: "మీ పుప్పొడివాళ్ళకి జ్వరాలు రావడం లేదా, వచ్చినా చెప్పడం లేదా?"

"లెక్క ఉంది కదా," అన్నాను.

"లెక్క సంగతి నాకు తెలీదు. తోర్వా బజార్లో మీ మావ భార్య కనిపించింది. రోజు విడిచి రోజు సాయంత్రం అయ్యేసరికి ఆయన గజగజ వణికిపోతున్నాడట. రెండు దుప్పట్లు కప్పినా ఆగడం లేదట. 'మీ ఆయనకి సెప్పకమ్మా, ఆ పట్టీ పాడైపోతాదట' అంది."

"మరి నువ్వు చెప్పేశావే?"

"నాకు పట్టీతో పనేమిటి?" అని ఖాళీ కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

నాకు వెంటనే నా పెన్సిల్ పుస్తకం గుర్తొచ్చింది. సంచీలోనే ఉంది. మావ టోకెన్ వరస చూశాను. సెప్టెంబరు సగం దాకా మూడు, నాలుగు, రెండు, ఐదు. ఆ తర్వాత నాలుగు, యాభై రెండు, మూడు, నలభై ఏడు, నాలుగు, అరవై. ఒక రోజు ముందు, ఒక రోజు వెనక. వణుకు వచ్చిన మర్నాడు మనిషి లేవలేక ఆలస్యంగా వస్తున్నాడు. జ్వరం తన చేతిరాతతో నా పుస్తకంలో మూడు వారాలుగా సంతకం పెట్టి వెళుతోంది. రోజూ ఆ అంకెలు రాసింది నేనే. పెన్సిల్ చెక్కుకుని మరీ రాశాను.

రోజు విడిచి రోజు చలిజ్వరం అంటే ఏమిటో ఈ అడవుల చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి డాక్టరు చెప్పనక్కర్లేదు. వరస ప్రకారం మర్నాడు జ్వరం రోజు.

మర్నాడు పొద్దున మావ టోకెన్ మూడోది. చేతికిచ్చి వెళ్ళబోతుంటే ఆపాను. కళ్ళు పచ్చబారి ఉన్నాయి. మూడు వారాలుగా ఈ మొహాన్ని కిటికీలోంచి రోజూ చూస్తున్నాను నేను.

"మావా, నీకు మలేరియా. మెమో రాయిస్తాను, ఆస్పత్రికి వెళ్ళు."

"నాకేటి మలేరియా? ఊరుకో."

"అత్తే మా ఇంట్లో చెప్పింది."

ఆయన చుట్టూ చూసి, కిటికీకి దగ్గరగా వంగాడు. "ఒరే అల్లుడూ, నాకు యాభై నాలుగొచ్చినాయి. ఇప్పుడు ఆస్పత్రికి ఎల్తే జొరం ఒక్కటే సూసి పంపేస్తారనుకున్నావేటి? కళ్ళు సూస్తారు, బీపీ సూస్తారు. కిందకి దింపేస్తారు. ఇరవయ్యేళ్ళు పైన కూకున్నోడిని, కింద ఏటి సెయ్యమంటావు, చీపురట్టుకోమంటావా? రెండు చెంచాలు మూడు సేసినాను. తగ్గిపోతాది. నీ సున్నాలు సూసే కదా తింటన్నాను."

ఆయన లోపలికి వెళ్ళి నిచ్చెన ఎక్కేశాడు.

నేను మెమో ఫారం పట్టుకుని ఇంజనీరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన తలెత్తి, "ఉస్‌నే మాంగా క్యా?" అన్నాడు. లేదు, అడగలేదన్నాను. అడగని మనిషికి సిక్ మెమో ఇచ్చిన ఆచారం ఈ షెడ్డులో లేదు, అడిగినవాళ్ళకి ఇవ్వడానికే ఒప్పుకోవడం కష్టం అన్నాడు. నేను పట్టుపట్టేసరికి, లంచ్ తర్వాత తనే పిలిచి మాట్లాడతానన్నాడు. నేను ఒప్పుకుని వచ్చేశాను. ఎందుకంటే నా లెక్క ప్రకారం వణుకు సాయంత్రం ఐదు దాటాక గానీ రాదు. లంచ్‌కీ ఐదుకీ మధ్య చాలా టైముంది.

నా లెక్కల మీద నాకు అప్పటికి కూడా ఎంత నమ్మకమో చూడండి.

దారిలో బావ కనిపిస్తే సంగతి చెప్పాను. మామూలుగా అయితే ఒక మాటకి పది మాటలు ఇచ్చేవాడు. ఆ రోజు మొహం దించుకున్నాడు.

"ఒకటి సెప్తాను, నవ్వకు. పోయిన వారం నాకూ నాలుగు రోజులు జొరం. మాత్రలేసుకుని వొచ్చినాను. నేనే సిక్ అంటే ఇంక ఎవుడు కొంటాడు? ఎవుడు నమ్ముతాడు?"

నాకు నవ్వు రాలేదు. అతని వెనక గోడ మీద, ఆకుపచ్చ సున్నాల్లో అతనిది కూడా ఉంది.

పదకొండు గంటలప్పుడు షెడ్డులో శబ్దం ఆగింది. షెడ్డులో పనిచేసినవాళ్ళకి తెలుసు, శబ్దానికి ఎవరూ తలెత్తరు, ఆగితేనే అందరూ చూస్తారు. నేనూ బయటికి వచ్చాను. చక్రాల జత ఒకటి నేలకి ముగ్గురు మనుషుల ఎత్తున గొలుసులకి వేలాడుతూ ఆగిపోయి ఉంది. కింద నిలబడి చేత్తో సైగలు చేసే మనిషి చెయ్యి కిందకి కిందకి ఊపుతున్నాడు. పైన ఏ కదలికా లేదు. క్యాబిన్ అద్దంలోంచి మావ రెండు చేతులూ లివర్ల మీద కనిపిస్తున్నాయి. ఆ చేతులు వణుకుతున్నాయి. వణుకు గొలుసుల దాకా వస్తోంది, ఇనుప చక్రాలు చిన్నగా ఊగుతున్నాయి.

బావ గట్టిగా అరిచాడు, ఎవరినీ కింద ఉండొద్దని. అందరూ వెనక్కి జరిగారు. పైకెక్కి ఆయన్ని తాకితే చెయ్యి ఎటు జారుతుందో తెలీదు.

తర్వాత క్రేన్ కదిలింది. ఒక జానెడు దిగింది, ఆగింది. మళ్ళీ ఒక జానెడు. మావ ఆ లోడు దించడానికి మామూలుగా రెండు నిమిషాలు కూడా తీసుకోడు. ఆ రోజు ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. నా జీవితంలో వాచీ చూడటం మరిచిపోయింది ఆ ఒక్కసారే. చక్రాలు పట్టాల మీద చప్పుడు లేకుండా కూర్చున్నాయి. గొలుసులు వదులయ్యాయి. అప్పుడు లివర్ల మీద చేతులు కనిపించకుండా పోయాయి.

బావ, ఆ కర్గీ రోడ్ ఖలాసీ ఇద్దరూ పైకెక్కి ఆయన్ని నడుముకి తాడు కట్టి దించారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, పళ్ళు టకటకలాడుతున్నాయి. నేల మీద కూర్చోబెట్టాక మావ అడిగింది ఒక్కటే.

"సరిగ్గా కూకున్నాదా?"

"కూకుంది మావా, సరిగ్గా కూకుంది," అన్నాడు బావ. ఏడుస్తున్నాడు.

మెమో మీద ఇంజనీరు నిలబడే సంతకం పెట్టాడు. ఆచారం గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గాజు పలక మీద రక్తం చుక్క తీయించి, ఎన్నాళ్ళ నుంచని అడిగింది. మావ కళ్ళు మూసుకునే "ఆజ్ హీ సే" అన్నాడు, ఈ రోజే మొదలైనట్టు. నేను జేబులోంచి పెన్సిల్ పుస్తకం తీసి చూపించాను. ఆవిడ ఆ అంకెలు చదివింది, నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇంత పక్కాగా రాసి పెట్టుకున్నారు. ఇంకో రెండు రోజులు రాసుంటే ఆఖరి అంకె కూడా వచ్చేది," అంది హిందీలో, చాలా నెమ్మదిగా. తర్వాత నా చేత పుప్పొడి లెక్క అంతా చెప్పించుకుని, మిగతా పదిమందినీ రక్తపరీక్షకి పంపమంది.

నేను షెడ్డుకి వచ్చేసరికి లంచ్ రూము గోడ మీద అట్ట లేదు. బావ చింపేసి, ముక్కలు కూడా పారేశాడు. తరవాత రెండు రోజులు నేను పదిమందినీ ఒక్కొక్కరినీ విడిగా, టీ కొట్టు దగ్గర, నవ్వకుండా అడిగాను: ఈ మూడు నెలల్లో జ్వరంతోనో, నీరసంతోనో డ్యూటీకి వచ్చింది ఎన్నిసార్లు? మావతో కలిపి పద్నాలుగు తేలాయి. రిజిస్టరులో ఉన్న నాలుగూ కలిపితే పద్ధెనిమిది. తిననివాళ్ళవి పదిహేడు. ఆ ఎక్కువైన ఒకటీ బావ స్వయంగా దాచుకున్నది. రక్తపరీక్షలో ఇంకో ఇద్దరికి మలేరియా దొరికింది.

పుప్పొడి ఒంటికి మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ సంగతి నా లెక్క చెప్పలేదు. నేను కొలిచింది రోగాన్ని కాదు, పదిమందిలో నవ్వులపాలవుతామన్న భయాన్ని. పెళ్ళికి పోవడానికి లేని జబ్బు తెచ్చుకునే మా షెడ్డులో, ముందు నవ్వులకి జడిసి, ఆ తర్వాత ఫ్యాను కింద బెంచీ కోసం, ఉన్న జబ్బుని దాచుకుంటారని నేను ఊహించలేకపోయాను. ముప్పై ఏళ్ళ వయసులో మీరు ఫోన్లలో అడుగులు లెక్కపెట్టుకుంటున్నారట, మా మేనకోడలు చెప్పింది. లెక్కపెట్టుకోండి. లెక్కపెడుతున్నారని తెలిశాక మనిషి మామూలుగా నడవడని మాత్రం గుర్తుంచుకోండి.

మావ మూడు వారాలకి లేచాడు. ఆయన భయపడిందే జరిగింది. ఫిట్ ఇచ్చేముందు కళ్ళు చూశారు, ఎడమ కంట్లో శుక్లం ఉంది. క్రేన్ మీది నుంచి దింపి తేలిక పని ఇమ్మని రాశారు. ఇంజనీరు ఆయన్ని నా టైం ఆఫీసులోకి పంపాడు. నా పక్కనే కుర్చీ, అదే కిటికీ. నెలల తరబడి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యమధ్య తల ఎత్తి కప్పు కింద వేరేవాడు నడుపుతున్న క్రేన్‌ని చూసేవాడు. వాడు లోడు కాస్త గట్టిగా దించితే ఈయన భుజాలు అదిరేవి. నేను రెండుసార్లు క్షమాపణ మొదలుపెట్టాను. రెండుసార్లూ లేచి మంచినీళ్ళకి వెళ్ళిపోయాడు.

టోకెన్లు తీసుకునే పని మాత్రం తనే చేతుల్లోకి తీసుకున్నాడు. కొన్నాళ్ళకి గమనించాను. ఆయన టోకెన్ ఒక్కటే తీసుకోవడం లేదు. ఇచ్చేవాడి చేతిని కూడా ఒక క్షణం పట్టుకుంటున్నాడు. చాలామందిని వదిలేసేవాడు. అప్పుడప్పుడు ఒకడిని మాత్రం వదలకుండా, "ఎల్లు, ఆస్పత్రికి" అనేవాడు. ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆ ఏడాది మా షెడ్డు ఎస్‌లు ఎందుకు పెరిగాయో చెప్పమని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మావ దాన్ని చదివించుకుని, అప్పుడు నాతో మొదటిసారి మాట్లాడాడు. "నిజాలు పెరిగినాయని రాయి," అన్నాడు. నేను వర్షాలు ఎక్కువని రాశాను. ఉద్యోగం ఉద్యోగమే కదా.

ఒక పొద్దున వరసలో బావ వచ్చాడు. అమ్మకాలు ఎప్పుడో మానేశాడు గానీ సొంతానికి డబ్బా తెప్పించుకుంటూనే ఉన్నాడు. టోకెన్ చాచాడు. మావ ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఏడిగా ఉన్నాది."

"ఎండలో నడిసొచ్చినాను మావా."

"నిన్నా నడిసే వొచ్చినావు."

వెనక వరసలో ఎవరో నవ్వబోయి మానుకున్నారు. బావ చెయ్యి లాక్కోబోయాడు, రాలేదు. ఇరవయ్యేళ్ళు లివర్లు పట్టిన చెయ్యి అది.

"ఏటీ అవదు మావా. పుప్పొడి తింటన్నాను, రెండు రోజుల్లో..."

"తిను," అన్నాడు మావ, టోకెన్ తిరిగి అతని చేతిలోనే పెడుతూ. "తినేసి ఆస్పత్రికి ఎల్లు."